మా అబ్బాయిని రింగులోకి పంపనా, మాన్పించనా?

ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరూ ఊరూ బయటపెట్టవద్దని కోరారు కనుక ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ క్లుప్తంగా చెబుతాను. ఆమెకు 11 ఏళ్ల కొడుకు, 8 ఏళ్ల కూతురు. కొడుకు ఏడో ఏట బడిలో తోటిపిల్లల చేతిలో తరచూ దెబ్బలు తిని, ఉదయం లేవగానే కడుపునొప్పి అంటూ బడి ఎగ్గొట్టే స్థితికి వచ్చినప్పుడు కరాటే తరగతిలో చేర్పించారు. ఏడాది తిరిగేసరికి పిల్లవాడు తల ఎత్తుకుని నడవడం మొదలుపెట్టాడు, ఏడిపించేవాళ్లు వాళ్లంతట వాళ్లే దూరం జరిగారు. ఏడాదిన్నర కిందట అదే శిక్షణ కేంద్రంలో కొత్త కోచ్ వచ్చి కిక్‌బాక్సింగ్ ప్రారంభించారు. చదువుకునే రోజుల్లో బాక్సింగ్ చేసిన భర్త ప్రోత్సాహంతో బాబు అందులోకి మారాడు.

ఐదు వారాల కిందట స్పారింగులో, అంటే ఇద్దరు ఎదురెదురుగా తలపడే సాధనలో, తనకంటే రెండేళ్లు పెద్దవాడైన కుర్రాడి కాలి దెబ్బ అతని కణత మీద తగిలింది. పడిపోలేదు, స్పృహ తప్పలేదు, రౌండు కూడా పూర్తి చేశాడు. ఆ రాత్రి మాత్రం "రేపు బడి ఉందా అమ్మా" అని పది నిమిషాల్లో మూడుసార్లు అడిగాడు. మర్నాడు తలనొప్పి అంటే తండ్రి "దెబ్బ తగలకుండా ఆటేమిటి" అన్నారు. ఆ తరువాత బాబు తలనొప్పి మాట ఎత్తలేదు గానీ, సాయంత్రం పూట లైటు ఆర్పేసి పడుకోవడం ఆమె కంటపడుతూనే ఉంది. ఇంకో నెలలో పోటీ ఉందనీ, రెండు కిలోలు తగ్గితే కింది బరువు తరగతిలో పతకం ఖాయమనీ కోచ్ చెప్పారట. పోయిన వారం బడి నుంచి వచ్చిన నీళ్ల సీసా మూత కూడా తీయకుండా నిండుగానే తిరిగివచ్చింది. "మాన్పిస్తే వాడు నన్ను ఎప్పటికీ క్షమించడని మావారు అంటున్నారు. మాన్పించకుండా ఏదైనా జరిగితే నన్ను నేను క్షమించుకోలేను. అసలు పిల్లలకు ఇలాంటి ఆటలు తగునా? చిన్నది కూడా చేరతానంటోంది, దానికేం చెప్పను?" అని అడిగారు.

పిల్లలకు ఇలాంటి ఆటలు తగునా అన్న మీ ప్రశ్న పెద్దది, దానికి వస్తాను. అంతకంటే ముందు, దానితో సంబంధం లేకుండా ఈ వారంలోనే తేల్చుకోవలసినవి మీ ఉత్తరంలో రెండు ఉన్నాయి. ఈ ఆటలు మంచివా కావా అన్న వాదనలో మీ ఇద్దరిలో ఎవరు గెలిచినా ఈ రెండూ మారవు.

మొదటిది ఆ దెబ్బ. అడిగిందే మళ్లీ మళ్లీ అడగడం, వెలుతురు భరించలేకపోవడం, తగ్గని తలనొప్పి, ఇవన్నీ డాక్టర్లు కంకషన్ అనే మెదడు అదురుకు తెలిసిన లక్షణాలు. స్పృహ తప్పితేనే మెదడుకు దెబ్బ తగిలినట్టు అని చాలామంది అనుకుంటారు గానీ, కంకషన్ అయినవాళ్లలో ఎక్కువమందికి స్పృహ తప్పనే తప్పదు. పుర్రె లోపల ద్రవంలో ఉండే మెదడు తల ఒక్కసారిగా గిర్రున తిరిగినప్పుడు మెలికపడినట్టు కదులుతుంది, దాని పనితీరు కొంతకాలం గాడి తప్పుతుంది. రక్తస్రావం, ఎముక విరగడం లాంటివి ఉంటేనే స్కాన్‌లో కనిపిస్తాయి కాబట్టి, "స్కాన్ బాగానే ఉంది" అన్న మాట ఒక్కటీ విని ఊరుకోకూడదు. పిల్లల్లో ఎక్కువమందికి నాలుగు వారాలలోపు ఈ లక్షణాలు పోతాయి. మీ బాబుకు ఐదు వారాలయింది, ఇంకా లైటు ఆర్పుకుంటున్నాడు. కనుక పిల్లల డాక్టరుకు చూపించడం ఇక వాయిదా వేయవలసిన విషయం కాదు. ఈలోగా ఆగని వాంతులు, అంతకంతకూ పెరిగే తలనొప్పి, ఫిట్స్, చేయి గానీ కాలు గానీ పట్టు తప్పడం, నిద్రలేపితే లేవకపోవడం వంటివి ఏవి కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

డాక్టరు ఏమంటారో నేను ఊహించి చెప్పను గానీ, 2022లో ఆమ్‌స్టర్‌డాంలో జరిగిన క్రీడావైద్యుల సదస్సు ఖరారు చేసిన పద్ధతి మీకు తెలిసి ఉండటం మంచిది. మొదటి ఒకటి రెండు రోజులు తేలికైన విశ్రాంతి, ఆ తరువాత నడక వంటి చిన్న కదలికలు, పిల్లవాడు బడికి పూర్తిగా అలవాటు పడ్డాకే ఆట, ఆటలోనూ మెట్టుకూ మెట్టుకూ మధ్య కనీసం 24 గంటల ఎడం, ఎదుటివాడి దెబ్బ తగిలే అవకాశమున్న సాధన అన్నిటికంటే చివర, అదీ డాక్టరు సరే అన్న తరువాతే. వారాల తరబడి చీకటి గదిలో పడుకోబెట్టడం ఇప్పుడు ఎవరూ చెప్పడం లేదు. ఇంత నెమ్మదిగా ఎందుకంటే, మొదటి అదురు నుంచి తేరుకోకముందే రెండో దెబ్బ తగిలితే మెదడు ఒక్కసారిగా వాచిపోయి ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలు వైద్య గ్రంథాల్లో ఉన్నాయి. చాలా అరుదైనవే అయినా, వాటిలో ఎక్కువ భాగం ఇరవై దాటని వయసువాళ్లవి. ఈ ఐదు వారాల్లో బాబు ఎన్ని స్పారింగులు చేశాడో మీరు రాయలేదు. డాక్టరు అడిగే మొదటి ప్రశ్నల్లో అది ఉంటుంది, తెలుసుకుని వెళ్లండి.

రెండవది ఆ నీళ్ల సీసా. పోటీ రోజు తూకంలో కింది తరగతిలోకి దిగడానికి నీళ్లు మానేయడం, ఒళ్లంతా కప్పుకుని చెమట పట్టించడం పెద్దల పోరాట క్రీడల్లో పాతుకుపోయిన అలవాటు. 1997 చివర్లో అమెరికాలో ఇలా బరువు తగ్గబోయి ముగ్గురు కళాశాల కుస్తీ క్రీడాకారులు ఐదు వారాల లోపే చనిపోయారు. ఆ తరువాతే అక్కడి విశ్వవిద్యాలయ పోటీల్లో ఆవిరి గదులనూ రబ్బరు సూట్లనూ నిషేధించి, బరువు తూచే సమయాన్ని బౌటుకు, అంటే పోటీకి, దగ్గరగా జరిపారు. డాక్టర్లూ నిపుణులూ వెంట ఉన్న వినేశ్ ఫోగట్ అంతటి క్రీడాకారిణి 2024 పారిస్ ఒలింపిక్స్‌లో రాత్రంతా కష్టపడి కూడా 100 గ్రాముల తేడాతో ఫైనల్ పోగొట్టుకున్నారు. అది వయసు వచ్చిన మనిషి ఎంచుకున్న వృత్తిలోని కష్టం. ఎదిగే వయసులో బరువు పెరగవలసిన 11 ఏళ్ల పిల్లవాడిని రెండు కిలోలు తగ్గమనడానికి ఏ పతకమూ కారణం కాలేదు. ఈ ఒక్క విషయంలో మాత్రం మీకు ప్రత్యామ్నాయాలు చెప్పను. బాబు తన బరువెంతో ఆ తరగతిలోనే ఆడాలి, లేదా ఆడకూడదు.

ఇక పెద్ద ప్రశ్న. మీరూ మీవారూ "ఇలాంటి ఆటలు" అని ఒకే మూటగా కట్టి వాదించుకుంటున్నారని నాకనిపించింది. ఆ మూట విప్పితే చిక్కు సగం వీడుతుంది. బాక్సింగులో, కిక్‌బాక్సింగులో తల ఒక లక్ష్యం. అక్కడ దెబ్బ తగలడం ప్రమాదవశాత్తూ జరిగేది కాదు, దానికి పాయింట్లు ఇస్తారు. జూడోలో, కుస్తీలో కొట్టడం ఉండదు, పట్టుకుని పడేయడం ఉంటుంది. కరాటేలో కొన్ని శాఖలు గాలిలో చేసే కతాలకూ, తాకీ తాకకుండా ఆగే దెబ్బలకూ పరిమితమవుతాయి, మరికొన్ని నిజంగానే కొట్టిస్తాయి. ఈ తేడా నా సొంత కల్పన కాదు. అమెరికా, కెనడా దేశాల పిల్లల డాక్టర్ల సంఘాలు 2011లో కలిసి ఇచ్చిన ప్రకటనలో పిల్లలకు బాక్సింగ్ వద్దని సూటిగా చెప్పాయి. అదే అమెరికా సంఘం 2016లో మార్షల్ ఆర్ట్స్ గురించి రాసినప్పుడు, ఎదుటివారిని కొట్టని పద్ధతుల వల్ల పిల్లలకు మేలుందని ఒప్పుకుంటూ, తలకు దెబ్బ తగిలే పోటీల దగ్గర గీత గీసింది.

నేను బాక్సింగ్ చూడనివాణ్ణి కాను. మంచి బౌటు వస్తుంటే టీవీ ముందు నుంచి లేవలేని బలహీనత నాకూ ఉంది. ఒక్కో పాదం జరపడంలో, ఎదుటివాడి భుజం కదలగానే తల తప్పించడంలో ఎంత సాధన ఉంటుందో తెలియక ఈ మాటలు చెప్పడం లేదు. ఆ విద్యను మెచ్చుకోవడం వేరు, ఇంకా గట్టిపడని మెడ మీద ఒంటితో పోలిస్తే పెద్దదైన తలను మోస్తున్న పిల్లవాడిని దానికి ఎదురు నిలబెట్టడం వేరు.

హెడ్‌గార్డ్ పెట్టుకుంటున్నాడు కదా అని మీవారు అన్నట్టు రాశారు. హెడ్‌గార్డ్ వల్ల కనుబొమ చిట్లడం, చెవి కమలడం తగ్గుతాయి, ఆ మేరకు అది మంచిదే. కానీ నీళ్ల సీసా చుట్టూ ఎంత మెత్తని గుడ్డ చుట్టి ఊపినా లోపలి నీళ్లు కదలక మానవు. అంతర్జాతీయ బాక్సింగ్ సంఘం 2013లో పెద్ద స్థాయి పురుషుల పోటీల్లో హెడ్‌గార్డ్ తీసేయడానికి చెప్పుకున్న కారణాల్లో, అది మెదడును కాపాడుతుందనడానికి ఆధారం లేదన్నది ఒకటి. 2016 రియో ఒలింపిక్స్‌లో మగవాళ్లు అది లేకుండానే ఆడారు. ఆ నిర్ణయం సరైనదో కాదో నిపుణులు ఇంకా వాదించుకుంటున్నారు గానీ, హెడ్‌గార్డ్ ఉంది కాబట్టి కంకషన్ రాదని నమ్మడానికి మాత్రం వీలులేదు.

అలాగని కొట్టడం లేని ఆట అనగానే నిశ్చింతగా ఉండటానికీ లేదు. జపాన్‌లో 1983 తరువాతి మూడు దశాబ్దాలలో బడుల్లో జూడో నేర్చుకుంటూ నూరుమందికి పైగా పిల్లలు చనిపోయారు. వాళ్లలో చాలామంది అప్పుడే చేరిన కొత్తవాళ్లు. పడటం సరిగా నేర్చుకోకముందే వెనక్కి పడేసే పట్టుకు తల వెనుక భాగం నేలకు తగలడం వల్ల పోయారు. అక్కడ మార్పు వచ్చింది జూడో మానేయడం వల్ల కాదు, పడేయడం కంటే ముందు పడటం నేర్పాలన్న నియమం గట్టిపడటం వల్ల. 2022లో ఆ దేశపు జూడో సమాఖ్య ఇంకో అడుగు వేసి, ప్రాథమిక పాఠశాల పిల్లలకు జాతీయ స్థాయి వ్యక్తిగత పోటీలనే రద్దు చేసింది. కోచ్‌లు పసిపిల్లల చేత బరువు తగ్గిస్తున్నారనీ, తల్లిదండ్రులు రిఫరీల మీద అరుస్తున్నారనీ, గెలుపు మీద మోజు ఆటను మింగేస్తోందనీ అందుకు కారణం చెప్పింది. 1882లో జూడో పుట్టిన దేశమే ఆ మాట అన్నది. ఆ వార్తలోని కోచ్‌కూ మీరు రాసిన కోచ్‌కూ ఎంత దూరమో మీరే చూడండి.

మీవారి వాదన కూడా తోసేయదగినది కాదు. ఈ విద్య వల్లే బాబుకు ధైర్యం వచ్చిందని ఆయన అంటున్నారు. అది నిజమే. అయితే మీ ఉత్తరంలోని సంవత్సరాలు వరసగా పెట్టి చూడండి: బాబు తల ఎత్తుకుని నడవడం మొదలుపెట్టింది కరాటే నేర్చుకున్న తొలి ఏడాదిలో, ఎవరూ అతని కణత మీద కాలితో తన్నని రోజుల్లో. రోజూ ఒకే సమయానికి వెళ్లడం, వంగి నమస్కరించడం, పెద్ద బెల్టువాళ్లు చిన్నవాళ్లకు నేర్పడం, రానిది ఒకరోజు రావడం, ఇవీ అతనికి బలం ఇచ్చినవి. కిక్‌బాక్సింగ్ వచ్చాక కొత్తగా ఏం కలిసిందని అడిగితే మీరు రాసిన వాటిలో నాకు కనిపించినవి రెండే: ఒక తలనొప్పి, దాన్ని దాచుకునే అలవాటు. 1986లో అచ్చైన ఒక చిన్న అధ్యయనం ఇక్కడ గుర్తొస్తుంది. తగాదాలకు దిగే స్వభావమున్న కుర్రాళ్లలో కొందరికి ఆరు నెలలపాటు టైక్వాండోను దాని మర్యాదలతో, ధ్యానంతో సహా నేర్పారు, మరికొందరికి కొట్లాట మెలకువలు మాత్రమే నేర్పారు. మొదటివారిలో దూకుడు తగ్గింది, రెండోవారిలో పెరిగింది. కొద్దిమంది మీద చేసిన పరిశీలన కాబట్టి దాని మీద మేడలు కట్టను గానీ, నేర్పే మనిషిని బట్టి ఒకే ఆట రెండు ఆటలవుతుందన్నది మీకూ అనుభవమైన విషయమే కదా.

అందుకే ఆ కోచ్‌ను ఒకసారి దగ్గరగా చూడమంటాను. తరగతి జరిగేటప్పుడు ఒక గంట మూలన కూర్చోండి. జతలు కట్టేటప్పుడు వయసూ బరువూ చూస్తున్నారా, దెబ్బ తిన్న పిల్లవాడు తూలితే ముందుగా ఎవరు చూస్తున్నారు, మిగతా పిల్లలు నవ్వుతున్నారా, వారంలో ఎన్నిసార్లు తలకు తగిలేలా ఆడిస్తున్నారు అన్నది గమనించండి. తరగతి అయ్యాక "తల తిరుగుతోందన్న పిల్లవాణ్ణి మీరు చివరిసారి ఎప్పుడు ఆపారు?" అని మర్యాదగానే అడగండి. ఫలానా రోజు ఆపాను, ఇంటికి కబురు చేశాను అని చెబితే ఆయనతో మాట్లాడే దారి ఉంది. "మా పిల్లలకు అలాంటివి రావండీ" అని నవ్వేస్తే మీకు జవాబు దొరికినట్టే.

ఇప్పుడు మీ ముందున్న దారులు. పూర్తిగా మాన్పించడం మొదటిది. తలకు ప్రమాదం అక్కడితో ఆగుతుంది. కానీ తలనొప్పి సంగతి బయటపడిన వెంటనే తరగతి పోతే, నిజం చెప్పినందుకు శిక్ష పడిందని బాబు అనుకుంటాడు, ఇకపై జ్వరం వచ్చినా మీకు చెప్పడానికి వెనకాడతాడు. అతని స్నేహితులంతా అక్కడే ఉన్నారని రాశారు, ఆ లోటూ చిన్నది కాదు. ఈ దారి పడితే ఆ ఖాళీ సాయంత్రాల్లోకి ఏం వస్తుందో కూడా ముందే ఆలోచించి పెట్టుకోవాలి.

రెండోది, డాక్టరు అనుమతించాక పాత కరాటేకు, అంటే తల లక్ష్యం కాని సాధనకు తిరిగి వెళ్లడం. నా మొగ్గు ఇటువైపే, దాచను. బలం ఇచ్చింది ఉంటుంది, బాధ పెట్టింది పోతుంది. అయితే బాబు దీన్ని వెనక్కి నెట్టడంగా భావిస్తాడు, "చిన్నపిల్లల బ్యాచ్" అని తోటివాళ్లు ఏడిపించవచ్చు. కొన్ని వారాలు ముఖం మాడ్చుకుంటాడు, అది భరించాలి. పెద్దయ్యాక తన తల గురించి తానే తెలుసుకుని రింగులోకి దిగుతానంటే అప్పుడు మాట్లాడుకుందామని చెప్పవచ్చు. అలా చెబితే తలుపు మూసినట్టు ఉండదు. మాట తప్పకూడదు, అంతే.

జూడో, కుస్తీ వంటివి మూడో దారి. ఎదుటి మనిషితో తలపడే ఉత్సాహం బాబుకు నిజంగా ఉంటే ఇది అతనికి నచ్చవచ్చు. కాకపోతే అక్కడ కీళ్ల దెబ్బలు, మెడ పట్టేయడం, మ్యాట్ మీద అంటుకునే చర్మవ్యాధులు ఉంటాయి, బరువు తగ్గించే జాడ్యం కుస్తీలో మరీ ఎక్కువ. మొదటి నెలలు పడటమే నేర్పే గురువు దొరికితేనే ఆలోచించండి.

పోటీ మానేసి, తలకు దెబ్బలు లేని సాధన అన్న షరతుతో ఇప్పుడున్న చోటే కొనసాగించడం నాలుగోది. ఇంట్లో గొడవ తగ్గించే దారి కాబట్టి మీ ఇద్దరికీ ఇదే సులువనిపించవచ్చు. కానీ ఆ షరతు అమలు చేయవలసింది రెండేళ్లు పెద్దవాడితో జతకట్టించిన ఆ కోచే. పైగా బౌటు ఏడాదికి రెండు మూడుసార్లు, సాధన వారానికి నాలుగు రోజులు. దెబ్బల లెక్క పెరిగేది సాధనలోనే. నేనైతే ఈ దారి పట్టను. మీరు పడితే మాత్రం తరగతిలో ఎవరో ఒకరు కూర్చునే ఏర్పాటు చేసుకోండి.

మీవారితో మాట్లాడేటప్పుడు బాక్సింగ్ మంచిదా చెడ్డదా అన్న చోట మొదలుపెట్టవద్దు. అక్కడ మొదలుపెడితే ఆయన తన యౌవనాన్ని కాపాడుకోవడానికి వాదిస్తారు, బాబు సంగతి పక్కకు పోతుంది. "మీకు ఎప్పుడైనా తల దిమ్మెక్కితే మీ కోచ్‌తో చెప్పారా?" అని అడిగి ఊరుకోండి. రింగులో నిలబడిన మనిషికి ఆ ప్రశ్న ఎక్కడ తగలాలో అక్కడ తగులుతుంది. ఆయన ఆ ఆటలోకి వెళ్లినప్పుడు మీసం వచ్చిన కుర్రాడనీ, మీ బాబుకు ఇంకా పాలపళ్లు పూర్తిగా ఊడి ఉండవనీ ఆయనకు గుర్తు చేయవచ్చు. డాక్టరు దగ్గరికి మాత్రం ఆయన్ను వెంటబెట్టుకునే వెళ్లండి. మీ నోట విన్న మాటను భయమని కొట్టిపారేయవచ్చు, డాక్టరు నోట స్వయంగా విన్నదాన్ని అలా తోసేయలేరు.

బాబుతో మాట్లాడటం అన్నిటికంటే ముఖ్యం, మీ ఉత్తరంలో కనిపించనిదీ అదే. పిల్లలకు సంబంధించిన నిర్ణయాల్లో వాళ్ల మాట వినాలనీ, వయసుకూ పరిణతికీ తగ్గ విలువ దానికి ఇవ్వాలనీ 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం చెబుతోంది. వినడమంటే నిర్ణయాన్ని అతని నెత్తిన పెట్టడం కాదు. "నీకు ఇష్టమేనా" అని అడిగితే తండ్రి ముఖం చూసి అవునంటాడు. ఇద్దరూ ఎక్కడికైనా నడిచి వెళ్తున్నప్పుడు, ఎదురెదురుగా కూర్చోకుండా, "ఆ రోజు రాత్రి నన్ను మూడుసార్లు అడిగావు, నీకు గుర్తుందా?" అని మొదలుపెట్టండి. గుర్తులేదంటే అదొక సమాచారం, డాక్టరుకు చెప్పండి. గుర్తుందంటే మిగతాది అతనే చెబుతాడు. నొప్పి చెప్పినంత మాత్రాన అన్నీ పోవని ముందే మాట ఇవ్వండి. ఆ మాట తండ్రి కూడా ఇస్తే ఇంకా మంచిది, ఎందుకంటే నోరు మూయించింది ఆయన మాటే.

చిన్నమ్మాయి విషయం తేలిక. కొట్టించని ప్రారంభ తరగతి అయితే నిశ్చింతగా చేర్చండి. అన్నకు పెట్టుకున్న నియమమే చెల్లెలికీ వర్తిస్తుందని మొదటిరోజే చెప్పేయండి, మూడేళ్ల తరువాత ఇదే వాదన మళ్లీ రాకుండా ఉంటుంది.

పోటీ నుంచి పేరు వెనక్కి తీసుకునే మాట కోచ్‌తో మీరు కాకుండా మీవారు చెబితే బాబు దాన్ని వేరేగా తీసుకుంటాడు, వీలైతే అలా చేయించండి. డాక్టరు ఏమన్నారో రాస్తే తరువాతి సంగతి ఆలోచిద్దాం. ఆ సీసా సంగతి మాత్రం అందాకా ఆగదు. ఈ రోజు బడి నుంచి రాగానే మూత తీయించి, మీ ఎదుటే తాగించండి.